భాగ్యనగరపు నాలుగు కమానులు

హైదరాబాదు పాతపట్టణమును దర్శింపవచ్చువారిలో చార్మినారును చూడక మరలువారు లేరు. చార్మినారును మాత్రమే చూచి మరలువారు పెక్కుమంది గలరు. ఆ మహానిర్మాణము ఒంటిగా నిలిచిన కీర్తిస్తంభమువంటిదనియు, దాని చుట్టునున్న వీథులును అంగళ్ళును కాలక్రమమున తమంతట తాము పుట్టినవనియు లోకులు తలంచుచుందురు. ఈ తలంపు సత్యమునకు దూరము. చార్మినారు ఒక విశాలమైన నిర్మాణసముదాయమున దక్షిణభాగమందలి అంగము. ఆ సముదాయమునకు హృదయమువంటి చతుష్పథమును, దానికి నలుదిక్కుల నిలిచిన నాలుగు కమానులును నేటికిని మిగిలియున్నవి. వీనిని వరుసగా చూచుచు నడచినవానికి నాలుగువందల యేండ్లకు పూర్వపు పురనిర్మాణసంకల్పము కొంతకొంతగా బోధపడును. ఆ సంకల్పము పారసీకదేశమునుండి వచ్చినదా, ఆంధ్రదేశమున పుట్టినదా యను ప్రశ్నకు సమాధానమును గూడ ఆ కమానులయొద్దనే వెదకవలసియున్నది.

స్థలవర్ణనము

చార్మినారునుండి ఉత్తరముగా పోవు రాజవీథిలో కొంత నడచినంతనే మొదటి కమాను వచ్చును. దీనికి చార్మినార్ కమానని పేరు. దానిని దాటి మఱికొంత నడువగా వీథినడుమ గుల్జార్ హౌజ్ అను జలాశయము కానవచ్చును. దీని పూర్వనామము చార్ సూ కా హౌజ్, అనగా నాలుగు దిక్కుల కొలను. పూర్వమిది విశాలమైన కొలను. ఇప్పుడు బండ్ల రాకపోకల నడుమ చిక్కిన చిన్న వలయముగా మిగిలినది. దీనియొద్ద నిలిచి నలువైపుల చూచినచో ఇంచుమించు సమదూరమున నాలుగు కమానులు కానవచ్చును. దక్షిణమున ఇంతకుముందు దాటినది. ఉత్తరమున మఛిలీ కమాను. తూర్పున కాలీ కమాను. పడమట షేరె బాతిల్ కీ కమాను. ఒక్కొక్కటి సుమారు 60 అడుగుల యెత్తు గలది. రాతితోను సున్నముతోను కట్టి, గచ్చు పూసిన ఈ కమానుల శిరోభాగము మొనదేలి యుండును.

పేర్లనుగూర్చి ఒక మాట చెప్పవలెను. మఛిలీ యనగా చేప. శుభసూచకముగా ఈ కమానునకు చేపబొమ్మను వ్రేలాడగట్టు ఆచారముండెడిదని చెప్పుదురు. తూర్పు కమాను రాజనగారాలు మ్రోగుచోటు. పడమటి కమాను పేరులోని "షేర్" అను మాటను విని సామాన్యులు సింహమని తలంతురు. కాని అది "సిహ్రె బాతిల్" అను పారసీకపదబంధమునకు వాడుకలో కలిగిన వికృతి. మంత్రప్రయోగములను వమ్ముచేయునది యని దాని యర్థము. రాజగృహమునకు పోవు ద్వారమగుటచే దుష్టప్రయోగములు లోనికి రాకుండ రక్షయుంచిరనియు, ద్వారమున బంగారు జలతారు తెఱ వ్రేలాడుచుండెడిదనియు జనశ్రుతి. నగరపు నాలుగు ద్వారములలో రాజునకు స్వంతమైనది ఇదియే.

నేడు ఈ కమానుల క్రిందనుండి బండ్లును జనులును నిరంతరము పోవుచుందురు. ముత్యముల అంగళ్ళు, వెండి బంగారు నగల అంగళ్ళు కమానుల గోడలనానుకొని యున్నవి. పై భాగమును తలయెత్తి చూచువారు అరుదు.

నిర్మాణకాలము

కుతుబ్ షాహీ రాజులకు మొదట రాజధాని గోలకొండ. కోట లోపల జనసమ్మర్దము పెరిగినది, నీరు చాలకపోయినది. ఇబ్రాహీం కుతుబ్ షా కాలముననే, 1578లో, మూసీనదిపై వంతెన కట్టబడెను. పురానాపూల్ అని దానికి నేటి పేరు. నదికి దక్షిణముననున్న మైదానమునకు మార్గమేర్పడిన పిదప నూతననగరనిర్మాణము సుకరమైనది. ఇబ్రాహీము కుమారుడు ముహమ్మద్ కులీ కుతుబ్ షా (1580–1612) ఆ పని నెరవేర్చెను. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు బాట ఈ మైదానముమీదుగానే సాగుచుండెను. ఆ తూర్పుపడమటి బాటను ఉత్తరదక్షిణపు బాట ఖండించుచోట చార్మినారు లేచినది.

చార్మినారు నిర్మాణవర్షమును తెలుపుటకు "యా హాఫిజ్" అను సంబోధనమును చెప్పుదురు. ఓ రక్షకుడా యని దాని యర్థము. భూతసంఖ్యలతోను కటపయాదులతోను శకవర్షములను గూర్చు సంప్రదాయమునెఱిగిన పండితులకు అరబ్బీ వర్ణసంఖ్యాపద్ధతి సులభముగా బోధపడగలదు. యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900, మొత్తము 1000. హిజరీ 1000వ సంవత్సరము క్రీ. శ. 1591 అక్టోబరులో ప్రారంభమైనది. సహస్రాబ్దిపూర్తికి గుఱుతుగా కట్టడము నిలిచినదని దీనిచే తేలుచున్నది. నాలుగు కమానులు మఱుసటి యేట, అనగా 1592లో, నిర్మింపబడినవి. పిదప కొలది సంవత్సరములలో బాద్‌షాహీ ఆషూర్ఖానా, 1595లో దారుల్షిఫా యను వైద్యశాల, 1597లో మఛిలీ కమాను సమీపమున జామే మసీదు వెలసినవి. మక్కా మసీదునకు పునాది పడుట 1617లో; అది పూర్తియగుట 1694లో. కావున చార్మినారును నాలుగు కమానులును ఒక్క సంకల్పమున, ఒక్క కాలమున పుట్టిన నిర్మాణములు. వీనిని వేఱుచేసి చూచుట న్యాయము గాదు.

నగరనామమునుగూర్చిన వివాదము ఇక్కడ విస్తరింప నవసరము లేదు. భాగమతి యను స్త్రీపేరిట భాగ్యనగరమేర్పడెనను కథను నిజాముద్దీన్ అహ్మద్, ఫైజీ, ఫిరిష్తా మొదలగు సమకాలికులు పేర్కొనిరి. హరూన్ ఖాన్ షేర్వానీ 1974లో ప్రకటించిన కుతుబ్ షాహీ వంశచరిత్రమున దానిని త్రోసిపుచ్చెను. ఈ వివాదమునకు కలిగిన ప్రచారములో పదియవవంతయిన నగరపు రేఖావిన్యాసమునకు కలుగలేదు. పేరు ఎవరిదైనను, నేలపై గీచిన గీత కన్నులయెదుట నున్నది.

గృహము నశించినది, ద్వారములు మిగిలినవి

నాలుగు కమానుల నడిమి చతుష్పథమునకు జిలౌఖానా యని పేరు. రాజపరివారము, గుఱ్ఱపుదళములు నిలుచు ముంగిలి యది. పడమటి కమాను దాటినచో దౌలత్ ఖానా అను రాజప్రాసాదసముదాయము. ముహమ్మద్ కులీ తాను రచించిన దక్కనీ పద్యములలో ఖుదాదాద్ మహలు మొదలగు తన సౌధములను వర్ణించినాడు. ఆయన కావ్యసమగ్రమును 1940లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పరిష్కరించి ప్రకటించినాడు. పద్యములు చదువుటకు లభించుచున్నవి. సౌధములు చూచుటకు లభింపవు.

1666–67 ప్రాంతమున గోలకొండరాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో చార్మినారును "నాలుగు బురుజులు" అను పేరిట వర్ణించి, ఈ పట్టణమున దాని బాహ్యాకారమంత యందమైనది మఱియొకటి లేదని మెచ్చుకొనెను. ఆ వెంటనే, దాని చుట్టును గడ్డి కప్పిన కొయ్యదుకాణములు చేరి పండ్లమ్ముచు దాని శోభను చెఱచుచున్నవని వ్రాసినాడు. చార్మినారు పైయంతస్తునకెక్కించిన నీరు రాజగృహపు మీదిగదులకు ప్రవహించుచుండెనని గూడ అతడు తెలిపినాడు. ఈ మాట మిక్కిలి ముఖ్యమైనది. చార్మినారు శోభార్థము మాత్రమే కట్టబడినది కాదు. పైయంతస్తున మసీదును, దానితోపాటు జలసాధనమును గలిగి, ప్రాసాదసముదాయముతో ముడివడిన నిర్మాణము. అంగడుల బాధ కూడ క్రొత్తది కాదని దీనివలన గ్రహింపవచ్చును.

1685లో మొగలుసేనలు నగరమును చూఱగొనెను. 1687లో ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. పిదపకాలమున ఆ ప్రాసాదములు శిథిలమై అదృశ్యమైనవి. ఆసఫ్ జాహీ ప్రభువులు తమ మందిరములను చార్మినారునకు నైరృతిదిశగా చౌమహల్లాలో వేఱుగా నిర్మించుకొనిరి. దౌలత్ ఖానా నిలిచినచోట ఇండ్లును బజారులును లేచినవి. ఇప్పుడు పడమటి కమాను దాటి పోవు యాత్రికునకు రాజగృహము కానరాదు. రాజునకు స్వంతమైన ద్వారము అందఱి త్రోవయైనది.

ఓరుగంటి తోరణములు

ఇట్లు నడిమి నిర్మాణము నశించి నాలుగు ద్వారములు మాత్రము నిలిచిన స్థలము తెలుగునేలపై మఱియొకటి గలదు. అది హైదరాబాదునకు ఈశాన్యముగా సుమారు 90 మైళ్ళ దూరమున నున్న ఓరుగల్లు. కాకతీయ గణపతిదేవుడు ప్రారంభించిన రాతికోటను రుద్రమదేవి పూర్తిచేసెనని ప్రసిద్ధి. దాని నాలుగు దిక్కులను నాలుగు ద్వారములు గలవు. వానినుండి వచ్చు బాటలు కోటనడుమనున్న స్వయంభూశివాలయ ప్రాంగణమువైపు సాగును. ఆ ప్రాంగణమునకు నలుదిక్కులను నాలుగు శిలాతోరణములు. 1323లో ఓరుగల్లు ఢిల్లీసైన్యమునకు లోబడిన పిదప ఆలయము ధ్వంసమైనది, తోరణములు నిలిచినవి. తలుపులు లేక, గోడలు లేక, ఆకాశమున నిలిచిన ఆ ద్వారములు చూపఱకు ఆశ్చర్యమును, విచారమును ఒక్కసారిగా కలిగించును.

ఈ రెండు స్థలములకును గల సాదృశ్యము ద్వారసంఖ్యతో ముగియదు. రెండింటను ద్వారములు దిక్కులకు సరిగా నిలిచినవి. రెండింటను అవి కోటగోడలోని గవనులు కావు. విడిగా నిలిచి, లోపలి స్థలమునకు మర్యాదను ఏర్పఱచునట్టివి. ఓరుగంటిలో పడమటి తోరణమునకు పశ్చిమముగా ఖుష్ మహలు అను సభామందిరము నేటికిని నిలిచియున్నది. హైదరాబాదులోను రాజగృహము పడమటి కమానునకు పశ్చిమముననే యుండెను.

భేదములును గలవు. తోరణము స్తంభములపై దూలము నిలిపి కట్టిన పద్ధతి. బరువు నిట్టనిలువుగా స్తంభములపై బడును. కమాను చెక్కిన రాళ్ళను వంపుగా పేర్చి కట్టిన పద్ధతి. బరువు ప్రక్కలకు పంచబడును. తోరణముపై హంసలు, పద్మములు, మకరములు, కమానుపై గచ్చుపని. ఓరుగంటి నడుమ దేవుడు. హైదరాబాదు నడుమ నీరు. ఈ చివరిభేదము శిల్పభేదము గాదు, భావభేదము. ఒకటి స్వయంభువైన దైవమునకు చుట్టును కట్టిన నగరము. మఱియొకటి బాటల కూడలికి చుట్టును కట్టిన నగరము.

ఫిలిప్ వాగొనరు అను అమెరికా పండితుడు చార్మినారును చౌబారా సంప్రదాయమునకు చేర్చి చర్చించినాడు. నాలుగు బాటల కూడలియందు నిలిచి, నలుదిక్కులకును నడిమిస్థానమును సూచించు కట్టడము చౌబారా. బీదరులో ప్రధానవీథులు కలియుచోట నున్న గుండ్రని బురుజునకు నేటికిని ఆ పేరే కలదు. నలుదిక్కుల నడుమ రాజ్యకేంద్రమును నిలుపు ఈ భావము దక్కనునందు ఓరుగల్లు మొదలుకొని హైదరాబాదువఱకు వచ్చినదని ఆతని వాదసారము.

పూర్వపక్షము, సమాధానము

దీనికొక పూర్వపక్షము కలదు. నగరనిర్మాణమున ప్రధానహస్తము పేష్వాయగు మీర్ ముహమ్మద్ మోమిన్‌ది. అతడు ఇరానుదేశపు అస్త్రాబాదునుండి వచ్చినవాడు. చార్ సూ యను మాటయు పారసీకము. కూడలివిపణికి ఆ దేశమున వాడుకలోనున్న పేరు. కావున రూపమును పారసీకమే యనవలెను గదా యని కొందఱందురు. మఱికొందఱు ఇస్ఫహాను నగరపు రాజచత్వరమును ఉదాహరణముగా చూపుదురు.

ఇస్ఫహాను వాదమును కాలగణనమే త్రోసిపుచ్చుచున్నది. షా అబ్బాసు తన రాజధానిని ఇస్ఫహానునకు మార్చినది 1598లో. ఆ చత్వరము తరువాతిది. హైదరాబాదు చతుష్పథము 1592 నాటిది. ముందు పుట్టినది తరువాత పుట్టినదానికి అనుకృతి కాజాలదు. మీర్ మోమిన్ తన దేశపు నగరములను మనస్సున నుంచుకొనెననుట సహజమే. కాని అతడు సేవించిన ప్రభువులకు తెలుగునేల పరదేశము గాదు. ఇబ్రాహీం కుతుబ్ షా రాజ్యమునకు రాకముందు ఏడేండ్లు విజయనగరమున నివసించినవాడు. తెలుగుకవులచే మల్కిభరాముడని కీర్తింపబడినవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. పటాంచెరువున అధికారియైన అమీన్ ఖానునకు పొన్నికంటి తెలగన్న అచ్చతెలుగున యయాతిచరిత్రమును రచించి యిచ్చెను. ఓరుగల్లు కుతుబ్ షాహీల యేలుబడిలోని పట్టణమే. అంతకు ముందు అచట షితాబ్ ఖాన్, తెలుగున సీతాపతి, కాకతీయుల కీర్తిని స్మరించుచు 1504లో శాసనము వేయించెను. కాకతీయరాజధానియొక్క గౌరవము పదునాఱవ శతాబ్దినాటికి మఱపునకు రాలేదని దీనిచే స్పష్టము. అట్టి దేశమున, అట్టి యాస్థానమున, నూతనరాజధానిని నిర్మించువారి కన్నులకు ఓరుగంటి నాలుగు తోరణములు కానరాలేదనుట కష్టము.

అట్లని హైదరాబాదు ఓరుగంటికి నకలనుటయు సాహసమే. ఆకారసాదృశ్యము అనుమానప్రమాణము, శాసనమువంటి ప్రత్యక్షప్రమాణముతో దానిని సమానముగా ఎంచరాదు. న్యాయమైన సిద్ధాంతమిది: పేరు పారసీకము, కట్టుపద్ధతి దక్కనుశిల్పులది, నలుదిక్కుల నడుమ రాజ్యకేంద్రమును నిలుపు సంకల్పము ఈ నేలకు పూర్వమే పరిచితము. రెండు సంప్రదాయములు తమతమ త్రోవలవెంట వచ్చి ఒక్క కూడలియందు కలిసికొన్నవి. ఏదో యొకదానినే మూలమని పట్టుపట్టువారు కూడలిలో నిలిచి ఒక్క బాటనే చూచువారివంటివారు.

ఉపసంహారము

2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమునకు స్వీకరింపబడిన చిహ్నమున కాకతీయతోరణము నడుమ చార్మినారు చిత్రింపబడినది. ఈ రెండు రూపముల చేరిక రాజకీయసౌకర్యమునకై చేసినదని తలంచువారు కలరు. చరిత్రదృష్టితో చూచినచో ఆ రెండింటికిని నడుమ మూడవరూపము దాగియున్నది. తోరణమునకు నిజమైన జోడు చార్మినారుకంటె ముందుగా కమానే. చిహ్నమున దానికి చోటు లేదు; జనుల జ్ఞాపకమునను అంతగా చోటు లేదు.

జ్ఞాపకము లేనిచోట రక్షణయు మందగించును. చార్మినారునకు కేంద్రపురావస్తుశాఖవారి సంరక్షణము కలదు. దాని చుట్టును బండ్ల రాకపోకలను తగ్గించిరి. అంతటి సంరక్షణ కలిగియు 2019 మేనెలలో వర్షానంతరము ఒక మినారునుండి గచ్చుపెళ్ళ ఊడిపడెను. అట్టిచో, అంగళ్ళు ఆనుకొని, బండ్ల యదురు తగులుచు, వాననీటికి తడియుచునున్న కమానుల స్థితి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇటీవల వీనికిని మరమ్మతులు జరిగినవి. మరమ్మతు ఒక్కసారి చేసి విడుచు పని కాదు. నగరపు ప్రాకారము సంగతి దీనికి దృష్టాంతము. పదునెనిమిదవ శతాబ్దిని పూర్తియైన ఆ ప్రాకారమునకు పదుమూడు దర్వాజాలుండెను. 1908 నాటి మూసీవరదచేతను, పిదపటి నగరవిస్తరణముచేతను అవి పోగా, నేడు నిలిచినవి రెండే: పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. ద్వారములు గృహముకంటె దీర్ఘాయుష్యము గలవి కావచ్చును గాని, అమరములు కావు.

పాఠశాలలలో చరిత్ర బోధించువారు పిల్లలను చార్మినారునకు తీసికొనిపోవుట వాడుకయే. వారు అక్కడ ఆగక మఱి కొన్ని నిమిషములు ఉత్తరముగా నడచి, గుల్జార్ హౌజ్ వద్ద పిల్లలను నిలిపి, నలుదిక్కుల చూపి, పడమటి కమానునకు ఆవల నేమి యుండెనని యడిగినచో, ఆ ప్రశ్నయే సగము పాఠమగును. రెండవ సగము ఓరుగంటి తోరణముల క్రింద పూర్తియగును. అక్కడ పిల్లలకు నడుమ నేమి యుండెనని యడుగవలెను. ఒకచోట పోయినది రాజగృహము, మఱియొకచోట పోయినది దేవాలయము. రెండుచోట్లను నిలిచినవి దారినిచ్చు ద్వారములు. ఈ రెండు స్థలములను ఒక్క పాఠముగా చదివినపుడే తెలుగుదేశపు రాజధానుల చరిత్ర తెగని సూత్రముగా కానవచ్చును. విజ్ఞులీ విషయమును స్థలపరిశీలనముతో సరిచూతురు గాక.